బాబాయి గిరగిర పెట్టె

సాయంత్రం ఐదూ ఇరవైకి కరెంటు వచ్చింది. వీధి వీధంతా ఒక్క గొంతుతో "మీ లాబీ" అని అరిచింది (బర్మీసులో కరెంటొచ్చిందని, కళ్లముందు బల్బు వెలుగుతున్నా చెప్పకుండా ఉండలేరు). ఆ రోజుల్లో, అంటే మరీ పాతవేమీ కావు, యాంగాన్‌లో ఆ కేక వినబడితే ప్రతి ఇంట్లోనూ ఒకరు నీళ్ల మోటారు దగ్గరికీ, ఇంకొకరు రైస్ కుక్కరు దగ్గరికీ పరిగెత్తేవారు. నేను బీరు దగ్గరికి పరిగెత్తేదాన్ని. నేను బీరు తాగను. బొటాటౌంగ్‌లో ఒక గిడ్డంగి ఆఫీసులో కొత్తగా ఉద్యోగంలో చేరి, లమ్మడాలో బాబాయి వాళ్ల ఫ్లాటులో ఉంటున్నాను కాబట్టి, ఆ ఇంట్లో ఎవరికీ పట్టని ఈ పని నాకు అప్పగించారు.

బాబాయి చిన్న కొట్లో ఫ్యాన్లూ రేడియోలూ బాగుచేసేవాడు. విప్పినదాన్ని మళ్లీ బిగించే లోపల ఇంకొకటి విప్పడం ఆయన అలవాటు. కింది అంతస్తులో ఆయన స్నేహితుడొకాయన ఉండేవాడు. అందరం ఊలే అనేవాళ్లం. బర్మీసులో మావయ్యలాంటి పిలుపది. ఊలే ఇల్లు అమ్మేసి, వచ్చే నెలలో మాండలేలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. వెళ్లేలోగా తన చేత్తో చేసిన బీరు తాగిస్తానని బాబాయి మాటిచ్చాడు. మాటిచ్చాక చూసుకుంటే దగ్గరున్నది ఒకే ఒక్క ఈస్టు పొట్లం. బ్యాంకాక్ నుంచి ఎవరో తెచ్చిచ్చినది, దాని గడువు ఎప్పుడో దాటిపోయింది. సగం చచ్చిన ఆ ఈస్టును ముందు చిన్న సీసాలో మాల్టు నీళ్లు పోసి బతికించాలి, పిల్లలు పెట్టించాలి. అందుకోసం ఆ నీళ్లు ఆగకుండా తిరుగుతూ ఉండాలి. బాబాయి ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో పాత కంప్యూటర్ ఫ్యాను బిగించాడు, దాని నెత్తిన అయస్కాంతాలు అంటించాడు. డబ్బా మీద సీసా, సీసా అడుగున స్ట్రా ముక్కలో పెట్టి మూసిన చిన్న మేకు ముక్క. కింద ఫ్యాను తిరిగితే పైన మేకు తిరుగుతుంది, నీళ్లలో సుడి లేస్తుంది. పిన్ని దానికి గిరగిర పెట్టె అని పేరు పెట్టింది. మెచ్చుకుని పెట్టిన పేరు కాదు.

చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. చిక్కల్లా కరెంటుతోనే. కరెంటు ఉన్నట్టుండి వస్తే ఫ్యాను ఒక్కసారిగా వేగం అందుకుంటుంది, మేకు ముక్క పట్టు తప్పి పక్కకి పోయి సీసా గోడకి టకటకా కొట్టుకుంటుంది. అందుకని కరెంటు పోగానే ఫ్యాను వేగం బొత్తాం సున్నాకి తిప్పాలి, వచ్చాక నెమ్మదిగా పెంచాలి. ఈ సంగతి బాబాయి నాకు నేర్పిన తీరు చూస్తే సీసాలో పురిటి బిడ్డ ఉందనుకుంటారు. ఆఫీసులో సరుకు లెక్కల మధ్య ఉంటే ఫోన్ చేసి, "తిరుగుతోందేటే అమ్మీ?" అని అడిగేవాడు. ఆయనేమో కొట్లో, నేనేమో బొటాటౌంగ్‌లో, పెట్టేమో ఇంట్లో. తిరుగుతోందనే చెప్పేదాన్ని. మరి ఇంకేం చెప్పను?

ఆ సాయంత్రం నేను వంటింట్లోకి పరిగెత్తేసరికి సీసా సగం ఖాళీగా ఉంది. మిగిలిన సగంలో తెల్లని పలుకులు తేలుతున్నాయి. పక్కన మినప్పిండి గిన్నె మూత నెట్టుకుని పొంగి, గట్టు మీంచి నేల దాకా కారుతోంది. పిన్ని ఇంట్లోనే దోసెల పిండి రుబ్బి వీధిలో అమ్మేది. ఈ ఊళ్లో బర్మీయులకీ మన దోసెంటే ఇష్టమే, తోషే అంటారు. చలికాలంలో మాత్రం పిండి తొందరగా పులవదు. పొంగలేదని రెండ్రోజులుగా అందరూ గొణుగుతున్నారు. ఎదురుగా నురగలు కక్కుతూ తనంతట తనే కలుపుకుంటున్న పులుపు కనబడితే ఆవిడ మాత్రం ఎలా ఊరుకుంటుంది? పిండి గరిటెతోనే సగం తోడి పిండిలో కలుపుకుంది.

బాబాయి వచ్చి చూసి అరవలేదు. స్టూలు మీద కూర్చుని సీసా వెలుగుకి పట్టుకుని చూశాడు.

"అదొక్కటే ఉన్నాదే. ఆడెల్లిపోతన్నాడు" అన్నాడు.

"ఎల్లిపోతే బీరు సీసా కొని ఇవ్వండి. బజార్లో లేవేటి?" అంది పిన్ని. "సగం ఒగ్గీసినాను కదా. పులుపు పులుపే."

ఈస్టు వేరు, పిండి పులుపు వేరని నేను చదివినదంతా విడమరిచి చెప్పాను. ఇద్దరూ వినలేదు. కాసేపటికి, మిగిలిన సగంలో ఇంకొంచెం మాల్టు నీళ్లు పోసి పెట్టె మళ్లీ తిప్పమన్నాడు బాబాయి. మినప పలుకులతో సహా తిప్పాను. (ఆ రోజు పిండి మాత్రం బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. ఇంకా ఉందా అని జనం మెట్లెక్కి వచ్చారు.)

ఊలే సామాను కట్టిన రోజున, ఆ ఈస్టుతోనే చేసిన బీరు సీసా తెరిచారు. పిన్ని ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని, మజ్జిగ చెడిపోయినట్టుందని తేల్చేసింది. ఊలే గ్లాసెడూ తాగాడు, బాగుందన్నాడు. బర్మీయులకి 'ఆనాడే' అని ఒక గుణం ఉంది. ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని నోరు కట్టుకోవడం. అదేనని మా అందరికీ తెలుసు. నేను నేల చూపులు చూస్తున్నాను. అంతలో ఊలే గ్లాసు ముందుకి చాపి, ఇంకొంచెం పొయ్యమన్నాడు.

ఆయన కిందికి వెళ్లాక బాబాయి నాతో, "రెండోది అడిగినాడు సూసినావా? 'ఆనాడే' అయితే ఒకదాన్తో ఆగిపోడా?" అన్నాడు. నిజమేనన్నాను.

కొన్నేళ్లకి బాబాయి చనిపోయినప్పుడు మాండలే నుంచి ఊలే ఫోన్ చేశాడు. పిన్నితో మాట్లాడాక నాతోనూ మాట్లాడాడు. ఇక ఆపుకోలేక, ఆ బీరు నిజంగా ఎలా ఉందని అడిగాను. నోట్లో పెట్టుకోలేకపోయానమ్మా అన్నాడు. మరి రెండో గ్లాసు ఎందుకని అడిగితే, మిగిలిందంతా వాడొక్కడే తాగాల్సొస్తుంది కదా అన్నాడు. పిన్ని పక్క గదిలో ఉంది. నవ్వు వినబడకూడదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆ రోజుల్లో ఆ మెట్ల మీద అంత చిరాకు మొహం వేసుకుని తిరిగిన ఆ కొత్త ఉద్యోగస్తురాలికి, అంటే అప్పటి నాకు, ఈ సంగతి అప్పుడే తెలిసుంటే, కనీసం ఇంకో గ్లాసు తనూ పట్టుకుని కూర్చునేదేమో.

ఇప్పుడా ఇంట్లో ఎవరూ బీరు చెయ్యరు.