ముందొచ్చినవాడి టైము

మా ఇంట్లో కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందన్న విషయం మీద ఏ ఇద్దరికీ లెక్క కుదరదు. నేను మూడంటాను, మా ఆవిడ రెండంటుంది, పప్పు తన ఇష్టమొచ్చినట్టు ఉడుకుతుంది. ఇదేం పెద్ద బాధ కాదు. కానీ ఒకే సంగతికి ఇద్దరు పెద్దమనుషులు రెండు లెక్కలు చెప్పగలరని నాకు పెళ్లికి చాలా ముందే, పదో తరగతిలోనే తెలిసింది.

ఉక్కు ఫ్యాక్టరీకి ఇంకా పునాదులు తవ్వుతున్న రోజులవి. విశాఖలో సముద్రానికి కొదవ లేదు గానీ, ఈత పోటీలకి పనికొచ్చే పూల్‌ని మాత్రం వెతుక్కోవాలి. మేం పోటీ పడిన పూల్‌లో నీళ్లుండేవి. వాటి రంగు గురించి నేనేమీ అనను. పోర్టు వైపు నుంచి గాలి వీస్తే ఖనిజం దుమ్ము ఎర్రగా తేలేది. నా తువ్వాలు చూసి మా అమ్మ, "ఈతకెళ్లొచ్చావా, ఇటికల బట్టీకా?" అనేది.

స్టేట్ మీట్‌కి వెళ్లాలంటే జిల్లా సెలక్షన్స్‌లో ఫస్టు రావడం చాలదు. హైదరాబాదు నుంచి వచ్చిన కాగితంలో ఒక్కో పోటీకి ఒక్కో టైము రాసి ఉండేది. ఆ టైములోపు గోడ ముట్టుకున్నవాడే వెళ్తాడు. ఎవడు ముందొచ్చాడో కంటితో చూసి చెప్పడానికి గట్టు చివర ఒక జడ్జి. ఎవడికెంత పట్టిందో చెప్పడానికి పూల్‌లో ఒక్కో లేనుకి ఒక స్టాప్‌వాచీ, దాన్ని పట్టుకుని ఒక డ్రిల్లు మాస్టారు. ఈ రెండు శాఖలకీ మాటల్లేవు.

వాచీల పంపకంలో ఒక ఆచారం ఉండేది. ఏ స్కూలు కుర్రాడి టైమూ ఆ స్కూలు మాస్టారు చూడకూడదు, వేరే స్కూలాయన చూడాలి. పరాయి కుర్రాడికి ఆలస్యంగా నొక్కుతాడని అందరికీ అందరి మీదా అనుమానమే. అందరూ సమానంగా ఆలస్యం చేస్తే అదే న్యాయమని ఏర్పాటు.

ఆ రోజు ఒక మాస్టారికి జ్వరం. మనిషి తక్కువయ్యాడు. తిరిగి తిరిగి నా లేను వాచీ మా మాస్టారి చేతికే వచ్చింది. మిగతా మాస్టార్లంతా ఆయన వైపు అదోలా చూశారు. నేను మాత్రం లోపల్లోపల సంతోషించాను. ఇన్నాళ్లకి నిష్పాక్షికంగా పోటీ జరుగుతోందనుకున్నాను.

వంద మీటర్ల ఫ్రీస్టైల్. పక్క లేనులో వన్ టౌన్ స్కూలు కుర్రాడు. నా చెయ్యి గోడకి తగిలాక తల తిప్పి చూస్తే అతని చెయ్యి ఇంకా నీళ్లలోనే ఉంది. జడ్జి కూడా అదే చూశాడు. కాసేపటికి మైకులో చదివారు. ఫస్టు నేను, సెకండు అతను. స్టేట్‌కి వెళ్లేది అతను. నాకు టైము చాల్లేదట, రెప్పపాటులో తప్పిందట.

టైములు రాసే టేబుల్ దగ్గరికి వెళ్లి అడిగాను. "ముందొచ్చిన నాకన్నా వెనకొచ్చినవాడికి తక్కువ టైము ఎలా పడుతుందండీ?"

అక్కడ కూర్చున్నాయన నన్ను జాలిగా చూశాడు. "అది కన్ను చెప్పింది బాబూ, ఇది వాచీ చెప్పింది. దేనికదే కరెక్టు."

ఫిజిక్సులో నాకు మార్కులు బాగానే వచ్చేవి. ఈ పాఠం మాత్రం మా పుస్తకంలో లేదు.

ముందు నా వాచీని అనుమానించాను. పక్కదాంతో కలిపి నొక్కి చూస్తే రెండూ బుద్ధిగా నడిచాయి. తర్వాత అతని టైము చూసిన గాజువాక మాస్టారిని అనుమానించాను. ఆయనకి వన్ టౌన్‌లో చుట్టాలెవరైనా ఉన్నారేమోనని ఆరా తీశాను. లేరు. ఉండుంటే మనసు కాస్త తేలికపడేది.

గట్టు మీద కూర్చుని చూసిన మా క్లాసువాడు చివరికి నోరు విప్పాడు. "నీ సెయ్యి గోడకి తగిలీసింది బావా. మన సారు ఇంకా సూత్తన్నాడు. నువ్వు తలెత్తి ఊపిరి పీల్సుకున్నాక నొక్కినాడు."

మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన జేబురుమాలుతో వాచీ తుడుస్తున్నారు, అది తడవకపోయినా.

"ఏం చెయ్యమంటావురా," అన్నారు నా మొహం చూడకుండా. "అందరి కళ్లూ నా బొటనవేలి మీదే. తగలగానే నొక్కితే మనవాడని నొక్కేశాడంటారు. నువ్వు ముట్టుకున్నావని నలుగురికీ తెలిసేదాకా ఆగాను. వచ్చే ఏడు చూద్దాంలే."

వచ్చే ఏడు నేను స్కూల్లో ఉండనని ఇద్దరికీ తెలుసు.

గేటు బయట బజ్జీల బండి దగ్గర వన్ టౌన్ కుర్రాడు కనిపించాడు. ఏడాదంతా పక్కపక్కన ఈదినా మేం మాట్లాడుకున్నది తక్కువ. అబద్ధమాడతాడని ఖాయం చేసుకుని, దానికి తగ్గ మాటలన్నీ కూర్చుకుని మరీ వెళ్లాను.

"నిజం చెప్పు. ముందు గోడ ముట్టుకున్నదెవరు?"

నోట్లో బజ్జీ నమలడం పూర్తిచేశాడు.

"నువ్వే. నాను సూసేను గదా," అన్నాడు. "అయితే ఏటి బావా, నన్నెల్డం మానీమంతావా?"