అన్నయ్య పేరు తీసేసిన రోజు

మొన్న విజయవాడలో పళ్ళ డాక్టరుగారు నా నోట్లో అద్దం పెట్టి చూసి, ముందుపన్ను ఎలా పోయిందని అడిగారు. సాఫ్ట్‌వేర్ వల్లనండీ అన్నాను. ఆవిడ నవ్వకుండా, కాగితం మీద 'దెబ్బ' అని రాసుకున్నారు. ముప్ఫై నిండకుండానే జ్ఞాపకాలేమిటని మీరు అనవచ్చు గానీ, మన తరంలో నాలుగేళ్ళ ఫోనే పురావస్తువు, నేనెంత.

అప్పట్లో నందిగామలో ఆదివారం ఆరాధన అయ్యాక, మా చర్చి వెనక సండే స్కూలు గదిలో ఏడుగురం చేరేవాళ్ళం. ఎక్కడో ఎవరో రాసి ఉచితంగా వదిలిన ప్రోగ్రాములను, ఎవరి కంప్యూటర్లోనైనా ఒక్క నొక్కుతో ఎక్కేలా సర్ది ప్యాకేజీగా కట్టడం మా పని. బస్తాలో వచ్చిన కందిపప్పును కిలో పొట్లాలు కట్టడమేగా అని జగ్గయ్యపేట హోల్‌సేల్ కొట్టువాళ్ళబ్బాయి, నా ఇంటర్ స్నేహితుడు, తేల్చేసేవాడు. జీతం లేదు. ప్రతి ప్యాకేజీ మీదా దాన్ని చూసుకునేవాడి పేరుంటుంది, దక్కేది అదొక్కటే. తెలుగు అక్షరాలు టైపు చేసుకునే తెలుగు కీబోర్డు ప్యాకేజీ మీద మా పిన్ని కొడుకు, చిల్లకల్లు అన్నయ్య పేరుండేది.

నన్ను పెద్దను చేశారు, అంటే కుర్చీలు వేసేవాడినన్నమాట. ఆ హోదాలో ఒక నిబంధన రాశాను: రెండు వారాల్లో మూడు మెయిళ్ళకు పలకనివాడి పేరు తీసేసి, అడిగినవాడికి ఇవ్వాలి. ఆ ఏడు మిరపకోతల్లో అన్నయ్య పిన్నితో కలిసి కూలికి వెళ్తున్నాడు, ఫోను కాలవలో పడింది. చిల్లకల్లుకు బస్సులో అరగంట. నేను మూడు మెయిళ్ళు పెట్టాను. మధ్యలో పిన్ని బజార్లో కనిపిస్తే కుశలం కూడా అడిగాను. అన్నయ్య సంగతి పిన్నిని అడగాలని నిబంధనలో లేదు మరి. పదిహేనో రోజున అన్నయ్య పేరు తీసి నా స్నేహితుడి పేరు పెట్టాను.

హైదరాబాదులో అన్నయ్యకు ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందని నాకు తెలియదు. డిగ్రీ మధ్యలో ఆపేసినవాడికి చూపించుకోవడానికి ఆ పేరు తప్ప మరేమీ లేదు. వాళ్ళు తెరిచి చూస్తే అక్కడ ఇంకొకరి పేరుంది. అబద్ధాలకోరని పంపేశారు.

మర్నాడు ఆదివారం. అన్నయ్య బస్సు దిగి నేరుగా గదిలోకొచ్చి, బల్లమీది కీబోర్డు ఎత్తి నా స్నేహితుడి మొహం మీద కొట్టాడు. కీబోర్డు రెండు ముక్కలైంది, ముక్కు పగిలి చొక్కా అంతా రక్తం. వాడివి బస్తాలు మోసిన చేతులు, అన్నయ్యను ఎత్తి, మూలన పెట్టిన చర్చి డ్రమ్స్ మీద పడేశాడు. ఆపైన పడ్డ ప్రతి గుద్దుకీ డ్రమ్ములు మోగాయి. మా పాటల్లో ఎన్నడూ అంత లయ కుదరలేదు.

"నా పేరు తీసి నీ పేరు పెట్టుకుంటావా?"

"నే పెట్టుకోలేదెహె, ఇచ్చారు."

"ఎవడిచ్చాడ్రా?"

అప్పటికి అన్నయ్య వాణ్ణి కిందికి పడదోశాడు, మోకాలు వాడి ఛాతీ మీద, చేతులు గొంతు మీద ఉన్నాయి. వాడి మొహం నల్లబడుతోంది. వాడు నావైపు చూశాడు. నేను గోడకంటుకుని, నిబంధన ప్రకారం తప్పేమీ జరగలేదే అని ఆలోచిస్తున్నాను. నిజమండీ, ఎదుట మనిషికి ఊపిరాడకపోతుంటే నేను మనసులో నిబంధన చదువుకుంటున్నాను.

"నేనే తీసా అన్నయ్యా. మూడు మెయిళ్ళు పెట్టా, నువ్వు పలకలేదు."

గొంతు వదిలి లేచాడు. "ఇంటికొచ్చి అడగలేకపోయావా?" అన్నాడు నెమ్మదిగా. రాగలిగేవాణ్ణే. ఆ మాట చెప్పేలోపు పిడికిలి తగిలింది, పన్నుతోపాటు జవాబునూ మింగేశాను. నేను కింద పడ్డాక డొక్కలో రెండు తన్నులు తన్ని, మూడోదానికి కాలెత్తి ఆగిపోయి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఆ సాయంత్రమే అన్నయ్య పేరు తిరిగి పెట్టాను. వారానికి తనే తీసేసుకున్నాడు, మళ్ళీ గదికి రాలేదు. ఇప్పుడు ప్యాకేజీలు కట్టే పనంతా ఏదో ప్రోగ్రాము చేసేస్తోంది, దానికి మన పేర్లతో పనిలేదు. గొడవల్లేవు, రక్తాల్లేవు, కుర్చీలు వేసే పెద్ద అవసరమూ లేదు. తెలుగు కీబోర్డు మాత్రం అన్నయ్య అమర్చినట్టే ఉంది. ఈ ముక్కలన్నీ దానితోనే కొట్టాను. ఎవరు చేశారని ఎవరైనా వెతికితే, పేరుండే చోట ఖాళీ కనబడుతుంది.