మైలుతుత్తం మరకల గుడ్డ

మొన్న భీమవరం దగ్గర పెదనాన్నగారి చేలో డ్రోన్‌తో మందు కొడుతున్నారంటే వీడియో తీద్దామని ఫోన్ పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. గాలి మళ్ళి మందంతా నా మొహం మీద పడింది. తర్వాత జరిగింది వీడియోలో లేదు, ఎందుకంటే అప్పటికి ఫోన్ బురదలో ఉంది, డ్రోన్ నడిపే అతని కాలర్ నా చేతిలో ఉంది. రెండో చెయ్యి పైకి లేచింది. సరిగ్గా అప్పుడే అతని భుజం మీద తెల్ల తువ్వాలు, దాని మీద సన్నగా పడ్డ మందు చుక్కలు కనబడ్డాయి. అలాంటి గుడ్డ నేనింకొకటి చూశాను.

నేను పుట్టి పెరిగిందంతా హైదరాబాద్‌లో. పదో తరగతి సెలవుల్లో కోనసీమలో అమ్మమ్మ దగ్గర దింపేశారు. సిగ్నల్ కోసం డాబా మీద, నూతి గట్టు మీద, చివరికి పశువుల పాకలో గాటి మీద కూడా ఎక్కి చూశాను. మూడో రోజు ఒళ్ళు మండి ఫోన్ గోడకేసి కొట్టాను. అమ్మమ్మ తిట్టలేదు. ముక్కలన్నీ ఏరి చాటలో పోసి, "అచ్చం మా తాత చెయ్యే వచ్చింది నీకు," అంటూ ట్రంకు పెట్టె తెరిచింది. కలరా ఉండల వాసన మధ్యలోంచి ఒక పాత గుడ్డ తీసింది. దాని నిండా ఆవగింజలంత నీలం చుక్కలు, ఒక మూల అరచెయ్యంత గోధుమరంగు మరక. "చుక్కలు మైలుతుత్తం. ఇది రక్తం," అంది, పప్పులో ఉప్పు చాలలేదని చెప్పినంత మామూలుగా.

పంతొమ్మిది వందలు అప్పుడే మొదలైన రోజులవి. అమ్మమ్మ వాళ్ళ తాత తాడిచెట్లు గీసేవాడు. తనవి పదకొండు చెట్లు, ఇంటిల్లిపాది తిండీ వాటి మీదే. ఆ ఏడు తాడిచెట్లకి మొవ్వు, అంటే నడినెత్తిన లేత చిగురు, కుళ్ళే రోగం వచ్చింది. నడిమి ఆకు వాలిపోయేది, తల ఊడి కింద పడేది, మోడు మిగిలేది. రోగమొచ్చిన చెట్లని నరికి తలలు కాల్చెయ్యమని ప్రభుత్వం మనుషుల్ని పంపింది. నరికేవాళ్ళకీ గీసేవాళ్ళకీ కొట్లాటలై తలలు పగిలాయి. నెల తిరక్కుండా తాత చెట్లలో ఆరు పోయాయి. మిగిలిన అయిదిటి కోసం ఎవరినైనా చంపేలా ఉన్నాడట.

అప్పుడు రాజమండ్రి నుంచి చెట్ల రోగాలు చూసే ఉద్యోగి ఒకాయన వచ్చాడు. ఇత్తడి పంపు, రబ్బరు గొట్టం, మైలుతుత్తం మూట, సున్నం డబ్బా. ధారగా కొడితే మందు ఆకు మీద నిలవదు, మంచులా పడాలి, అది ఆయన పరిశోధన. గొట్టానికి రోజుకో కొత్త మూతి బిగించి, రోజుకో కొలతతో చిల్లు పెట్టి చూసేవాడు. పొద్దున్నే మందు కలిపాక తాతని ఒకటే అడిగేవాడు.

"మీ కత్తి ఒక్కసారి ఇస్తారాండి? ఇందులో ముంచితే ఇనుం ఎర్రబడితే సున్నం చాల్లేదన్నమాట."

"గీత కత్తి పరాయి చేతికి ఇవ్వమండి," అనేవాడు తాత. రోజూ అదే అడగడం, అదే జవాబు.

ఒకరోజు మందు చినుకులు ఎలా పడుతున్నాయో తెలియడానికి ఆయన పక్కూరి మనిషిని ఎక్కించి, తాత చెట్టు మొవ్వు మీద తెల్ల గుడ్డ కట్టించి మందు కొట్టాడు. కల్లు దింపుకుని వస్తున్న తాతకి అది శవం మీద కప్పే గుడ్డలా కనబడింది.

"నా చెట్టు ప్రాణంతో ఉండగానే గుడ్డ కప్పేశారేంటండి?"

"అబ్బే, చినుకులు చూసుకోడానికండి," అని ఆయన నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది.

"చెట్టెక్కడం రాని మీరాండి నా చెట్టుకి వైద్యం చేసేది?" అన్నాడు తాత. మనం కొట్టేముందు కూడా అండీ అంటాం కదా, అంది అమ్మమ్మ. తాటిపట్టెతో మొదటి దెబ్బ పంపుకి, రెండోది ఆయన కుడిచేతికి. ఎముక విరిగిన చప్పుడు పక్క తోటలోకి వినబడిందట. ఆ మనిషి నీలం నీళ్ళలో పడి గిలగిల్లాడుతుంటే ఇంకా కొట్టాడు. చెట్టు మీది గుడ్డ పీకి తెచ్చి, ఎవరో ఆ చేతికే చుట్టారు. పోలీసులు తాతని ఊరి మధ్యలో కొట్టుకుంటూ తీసుకెళ్ళారు.

కల్లు కాలమంతా జైల్లోనే గడిచింది. ఒకరి చెట్టు ఇంకొకరు గియ్యరు కాబట్టి ఆ అయిదు చెట్ల జోలికి ఎవరూ పోలేదు. విడుదలై ఇంటికి కూడా వెళ్ళకుండా తాత తిన్నగా తోటకి వెళ్ళాడు. అయిదూ పచ్చగా ఉన్నాయి. వాటి కింద ఆ ఉద్యోగి, వంకర కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"మీరు జైల్లో ఉన్నన్నాళ్ళూ ఒక్క చెట్టూ పోలేదండి," అన్నాడు. "నేనూ మందు కొట్టలేదు. అదే అర్థం కాలేదు. పొద్దున్నే మొదట ఏ చెట్టు ఎక్కేవారండి?"

"రోగమొచ్చిందే. ఒంట్లో బాగోనోళ్ళని ముందు పలకరించాలి కదండి."

"ఆ కత్తితోనే తర్వాత మంచి చెట్టు గీసేవారా?"

తాత ఇంటి నుంచి కత్తి తెప్పించి మొదటిసారి పరాయి చేతిలో పెట్టాడు. ఆయన సున్నం వెయ్యకుండా మైలుతుత్తం కలిపి, ఎడంచేత్తో దాన్ని ఆ నీలం నీళ్ళలో ముంచాడు. కత్తి ఎర్రబడింది.

"రోజూ అడిగింది ఇందుకేనాండి?"

"కాదండి. నేనడిగింది సున్నం చూసుకోడానికే. ముంచితే కత్తికున్న రోగం కూడా పోయేదని నాకూ అప్పుడు తోచలేదు."

చెట్టు నుంచి చెట్టుకి తనే రోగం మోసుకెళ్ళాడు. తాత కుడిచెయ్యి పిడికిలి బిగించి తాటి మోడుకేసి కొట్టుకున్నాడు. చర్మం లేచిపోయినా ఆపలేదు. ఆ ఉద్యోగి ఎడంచేత్తో మణికట్టు పట్టుకుని లాగాడు.

"విరిగిన చెయ్యి ఒకటి చాలండి. ఇది నాకు కావాలి, పైన గొట్టం పట్టుకోడానికి."

సంచిలోంచి ఆ నీలం చుక్కల గుడ్డే తీసి కట్టు కట్టాడు. ఆ మరకలో ఎవరి రక్తం ఎంతో అమ్మమ్మ కూడా చెప్పలేకపోయింది. మర్నాటి నుంచి ముందుగా కత్తి ముంచి, గొట్టం నడుముకి కట్టుకుని చెట్టెక్కింది తాతే.

నేను కాలర్ వదిలేశాను. డ్రోన్ అతను, "గాలి చూసుకోలేదండి," అన్నాడు. అతని తువ్వాలు అడిగి తీసుకుని, మందు ఎటు పడుతోందో తెలియడానికి గట్టు చివర కర్రకి కట్టాను. అమ్మమ్మ వాళ్ళ తాత ఎత్తిన చెయ్యి కిందికి దిగడానికి నూరేళ్ళ పైనే పట్టింది.