మా ఇంట్లో తెలుగు బందైన ఏడేళ్ళు

మా పక్క ఊరికి కాన్వెంటు వచ్చిన ఏడాదే మా ఇంట్లో నాతో తెలుగు మాట్లాడటం మానేశారు. డెబ్భైల్లో సంగతి. అప్పటికి నాకు నాలుగేళ్ళు. అమలాపురం నుంచి కొత్తపేట వెళ్ళే దారిలో ఒక రైసుమిల్లు మూతపడితే, ఆ షెడ్డులోనే బల్లలు వేసి, గుమ్మానికి ఇంగ్లీషు బోర్డు కట్టారు. కాన్వెంటు అంటే అందులో సన్యాసినులు ఉంటారన్న సంగతి మా వాళ్ళెవరికీ తెలియదు కాబట్టి, వాళ్ళెక్కడున్నారని ఎవరూ అడగలేదు. నడిపేది ఒక్క మనిషే. హెడ్మాస్టరు ఆయనే, ఇంగ్లీషు చెప్పేదీ ఆయనే, లెక్కలు చెప్పేదీ ఆయనే. ఉక్కపోతకి చొక్కా తడిసి వీపుకి అంటుకుపోతున్నా మెడకి టై మాత్రం తియ్యరు. ఆ టై చూసి మా నాన్నగారు అక్కడికక్కడే నమ్మేశారు.

నాన్నగారిది వ్యవసాయం. కాస్త వరి, కాస్త కొబ్బరి. చదువు ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు రాకపోవడం వల్లే తాను కొబ్బరిచెట్ల కింద ఉండిపోయానని ఆయనకి గట్టి నమ్మకం. పిల్ల బడిలో ఆరు గంటలు ఇంగ్లీషు విని ఇంటికొచ్చి తెలుగు వింటే, నేర్చుకున్నదంతా నీళ్ళు పోసి కడిగినట్టు పోతుందని హెడ్మాస్టరు ఆయనకి చెప్పారట. ఆ సాయంత్రమే నాన్నగారు అమ్మనీ నాయనమ్మనీ వసారాలో కూర్చోబెట్టి, ఇక మీదట పిల్లతో తెలుగు ముక్క ఎత్తకూడదన్నారు.

"మరేం మాట్లాడమంటారండీ?" అంది అమ్మ.

"ఇంగ్లీషు."

"నాకు రాదు కదండీ."

"రాకపోతే ఊరుకో. తెలుగు మాత్రం వద్దు."

అమ్మ ఊరుకుంది. నాన్నగారు ఎవరి చేతో తెలుగు అక్షరాల్లో ఇరవై ఇంగ్లీషు మాటలు రాయించి తెచ్చి వంటింటి తలుపుకి అంటించారు. కమ్, గో, ఈట్, స్లీప్, బాత్, నో. ఆ ఇరవై మాటలతోనే అమ్మ నన్ను పెంచింది. కోపం వస్తే నో, ముద్దొస్తే నో, జడ వేస్తుంటే తల తిప్పినా నో. గొంతు మార్చి అదే మాటని పది రకాలుగా అనడం ఆవిడ నేర్చుకుంది. ఏ నోకి ఏ అర్థమో కనిపెట్టడం నేను నేర్చుకున్నాను.

నాయనమ్మ సంగతి వేరు. ఆవిడ "ఆయ్, అలాగే అబ్బాయ్" అని తలూపి, మర్నాటి నుంచి నాకు చెప్పాల్సినవన్నీ గేదెదూడకి చెప్పడం మొదలుపెట్టింది. నేను పక్కన నిలబడి ఉన్నప్పుడే చెప్పేది. మజ్జిగన్నం వదిలేసి లేచిపోయేవేంటే అని దూడని నిలదీసేది. కాళ్ళు కడుక్కోకుండా మంచమెక్కేవు చూడు అని దాని మీద కేకలేసేది. అమ్మ పెళ్ళినాటి కబుర్లు, మా మేనత్త చిన్నప్పటి అల్లరి, అన్నీ దూడకే చెప్పేది. నాన్నగారు ఒకసారి ఇదేం పనమ్మా అని విసుక్కుంటే, దూడతో కూడా ఇంగ్లీషే మాట్లాడాలేంట్రా అని అడిగింది. నాకు ఆ రోజుల్లో వచ్చిన తెలుగంతా దూడకి చెప్తుంటే విన్నదే.

కాన్వెంటులో మాత్రం తెలుగు లేదనడానికి వీల్లేదు. వారానికి ఒక్క పీరియడు ఉండేది. దాన్ని కూడా హెడ్మాస్టరు ఇంగ్లీషులోనే చెప్పేవారు. బోర్డు మీద అ రాసి, "దిస్ ఈజ్ అ, అ ఫర్ అమ్మ" అనేవారు. మేమంతా గొంతెత్తి అప్పజెప్పేవాళ్ళం. అలా రెండో తరగతి అయ్యేసరికి ఋ దాకా వచ్చాం. ఆ పైన గోదావరి వరదకి సెలవులు రావడమో, ఆయనకి జ్వరం రావడమో జరిగి, మళ్ళీ అ దగ్గర మొదలుపెట్టేవాళ్ళం.

ఆ రెండో తరగతిలోనే చింతపిక్కలాడుతూ, సగానికి అరగదీసిన పిక్క ఒకటి చెవిలో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో ఇప్పుడడిగినా చెప్పలేను. అది లోపలికి జారిపోయింది. ఆ రోజుకి బాగానే ఉంది గాని, మర్నాటికి సలుపు ఎక్కువైంది. నాన్నగారి దగ్గరికెళ్ళి "ఇయర్ నో గుడ్" అన్నాను. నాకున్న ఇంగ్లీషంతా అదే. ఆయన వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోయించారు. దాంతో పిక్క ఇంకా లోపలికి జారింది. మూడో రోజున అమలాపురంలో డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు.

డాక్టరు గారు పెద్దాయన. ఏమైందమ్మా అని అడిగారు. నేను నాన్నగారి మొహం చూశాను. పిల్ల కాన్వెంటండీ, ఇంగ్లీషులో అడగండి అన్నారు నాన్నగారు, కొంచెం గర్వంగానే. డాక్టరు గారు అలాగే అడిగారు. నేను బాగా ఆలోచించి, "మై ఇయర్ ఈట్ బాల్" అన్నాను. ఆయన నాన్నగారిని బయట బల్ల మీద కూర్చోమన్నారు. తలుపు వేసి మళ్ళీ తెలుగులో అడిగారు. ఈసారి ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన చిన్న కొక్కెంలాంటి పనిముట్టుతో పిక్క లాగి, నాన్నగారిని లోపలికి పిలిచి, దాన్ని ఆయన అరచేతిలో పెట్టారు.

"మూడ్రోజుల్నుంచి ఇది మీ అమ్మాయి చెవిలో ఉందండి. దీన్ని ఇంగ్లీషులో ఏవంటారో తెలీక మీకు చెప్పలేదు. నాకూ తెలీదు. మీకేవన్నా తెలుసాండీ?"

నాన్నగారు దాన్ని జేబులో వేసుకున్నారు. ఇంటికొచ్చే దారిలో రిక్షా ఆపించి, కాన్వెంటులోకి వెళ్ళి హెడ్మాస్టరుని చింతపిక్కకి ఇంగ్లీషు ఏమిటని అడిగారు. అది సిలబస్‌లో లేదని ఆయన చెప్పారట. ఆ జవాబు నాన్నగారికి సబబుగానే తోచింది. ఇంట్లో కట్టుబాటు అలాగే సాగింది. చింతపిక్కలాట మాత్రం ఆగిపోయింది.

కాన్వెంటు అయిదో తరగతితో ఆఖరు. ఆ పైన చదవాలంటే జిల్లా పరిషత్ హైస్కూలే, తెలుగు మీడియమే. ఈ సంగతి ఏడేళ్ళ ముందే అందరికీ తెలుసు. అయినా ఆరో తరగతిలో చేరే రోజు వచ్చినప్పుడు నాన్నగారు ఎవరో మోసం చేసినట్టు మొహం పెట్టారు. మొదటి వారంలోనే తెలుగు మాస్టారు డిక్టేషను చెప్పారు. ఋ తర్వాత నాకు దారి తెలియదు గనక మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ఏ రాష్ట్రం నుంచి వచ్చేవమ్మా అని అడిగారు. పక్క ఊరేనండి అన్నాను. క్లాసంతా నవ్వారు. లెక్కల పీరియడులో కసాగు, గసాభా అంటుంటే అవి సముద్రం వైపు ఊళ్ళేమో అనుకున్నాను. ఒక్క హిందీలోనే నాకు మంచి మార్కులొచ్చాయి. అది అప్పుడే మొదలైంది కాబట్టి అందరికీ సమానంగా రాదు.

ఆ ఏడు మా చేలకి నీళ్ళొచ్చే పంటబోదె గుర్రపుడెక్కతో పూడుకుపోయింది. కాలవల ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. ఇంగ్లీషులో పెడితే పని చకచకా అవుతుందని నాన్నగారు నన్ను కూర్చోబెట్టారు. కాన్వెంటులో మాకు నేర్పిన ఉత్తరం ఒక్కటే, లీవు లెటరు. దాన్నే అటూ ఇటూ మార్చాను. మా కాలువ గుర్రం కాలుతో బాధపడుతోంది గనక దయచేసి రెండు రోజులు సెలవు ఇప్పించవలసిందని ఇంగ్లీషులో రాసి, కింద యువర్ ఒబీడియెంట్ స్టూడెంట్ అని పెట్టాను. నాన్నగారు దాని కింద సంతకం చేశారు.

సాయంత్రం ఆ కాగితంతోనే తిరిగొచ్చారు. అక్కడి ఆఫీసరు చదివి నవ్వాపుకుని, ఇప్పుడు దరఖాస్తులన్నీ తెలుగులోనే పెట్టమని పైనుంచి ఉత్తర్వులున్నాయండీ, మీ భాషలోనే హాయిగా రాసి పట్రండి అన్నారట. నాన్నగారు తెల్లకాగితం నా ముందు పెట్టారు. నేను ఆయన వైపు చూశాను. ఆయనకి ఎనిమిదో తరగతి తర్వాత సంతకమే తప్ప రాత లేదు. చివరికి వంటింటి వైపు తిరిగి, నువ్వు రాస్తావా అని అమ్మని అడిగారు. అమ్మ అయిదు దాకా చదువుకుంది. అచ్చు గుద్దినట్టుంటాయి ఆవిడ అక్షరాలు.

చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "రాస్తానండి," అంది. "దానికి ముందు పిల్లతో మాట్లాడాలి."

"ఏం మాట్లాడతావ్?"

"ఏడేళ్ళ మాటలున్నాయండి."

నాన్నగారు కండువా దులుపుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు. ఇదివరకు ఇరవై మాటలకి అనుమతిచ్చిన మనిషి, ఇప్పుడు ఏ మాటా అనకుండా అనుమతిచ్చారు. అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఏవో గొప్ప మాటలంటుందనుకున్నాను. గోళ్ళు ఎందుకు కొరుకుతున్నావని అడిగింది. బడిలో పిల్లలు ఏడిపిస్తున్నారా అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. అమ్మకి తెలుగులో ఏం జవాబు చెప్పాలో వెతుక్కుంటూ ఏడ్చాను. ఆవిడ తొందరపెట్టలేదు.

దరఖాస్తు ఒక పేజీలో అయిపోయింది. ఆఫీసువాళ్ళు మెచ్చుకుని మరీ తీసుకున్నారట. గుర్రపుడెక్క మాత్రం మా వరి కోతల నాటికి తీశారు. వేసవి సెలవుల్లో అమ్మ నాకు పలక మీద ఋ నుంచి మొదలుపెట్టి గుణింతాలు, ఒత్తులు అన్నీ దిద్దించింది. ఏడో తరగతి పరీక్షలో తెలుగు అంచుమీద గట్టెక్కాను.

అదే ఏడు, నా తర్వాత ఎనిమిదేళ్ళకి పుట్టిన మా చెల్లిని నాన్నగారు ఆ కాన్వెంటులోనే చేర్చారు. ఈసారి అమ్మ కూడా వెంట వెళ్ళింది. పిల్ల ఇంట్లో తెలుగే మాట్లాడుతుందని, రోజూ ఒక గంట తాను తెలుగు నేర్పుతానని, దానికి అడ్డం రాకుండా హోంవర్కు తగ్గించి ఇమ్మని హెడ్మాస్టరుకి తెలుగులో నెమ్మదిగా, అండీ అండీ అంటూనే చెప్పింది. ఆయన టై సర్దుకుని ఇంగ్లీషులో చాలాసేపు ఏదో చెప్పారు. అది ఆవిడకి అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలని ప్రయత్నించనూ లేదు. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు "అలాగేనండి, సంతోషం" అని నమస్కారం పెట్టి బయటికి వచ్చేసింది.