అత్తయ్య తోరం కట్టిన ఎర్ర సిలిండరు

మొన్న ఆదివారం తెనాలిలో మా అపార్ట్‌మెంటు కింద, కార్లు పెట్టుకునే చోట, నిప్పు ఆర్పడం నేర్పిస్తానంటూ ఒకాయన వచ్చాడు. చేతిలో ఎర్ర సిలిండరు, మెడలో టై, మొహాన ధారగా చెమట. మమ్మల్నందర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి, "పొయ్యి మీద మూకుట్లో నూనె అంటుకుందనుకోండి. ఏం చేస్తారండీ?" అని అడిగాడు. మూడో అంతస్తు పిన్నిగారు, పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినంత సంబరంగా, "ఏముందండీ, చెంబుడు నీళ్ళు కొడతాం" అంది. "పొయ్యకండి!" అని నేనరిచిన అరుపుకి ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది, గేటు దగ్గరి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. అరవై దాటినదాన్ని, నలుగురిలో అలా కేకేసినందుకు సిగ్గేసింది. నిజానికి ఆ కేక నాది కాదు. మా మేనత్త మొగుడిది, మా మామయ్యది.

మామయ్య బాపట్లలో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. రిటైరయింది బడి నుంచే గాని పాఠం నుంచి కాదు. ఆ ఇంట్లో అగ్గిపుల్ల గీసినవాళ్ళు ఆయన చేతికి చిక్కినట్టే. "నిప్పుకి మూడు కావాలమ్మాయ్. తినడానికి ఏదో ఒకటి, పీల్చడానికి గాలి, రాజుకోవడానికి వేడి. మూడింట్లో ఒకటి లాగేశావా, చచ్చూరుకుంటుంది" అని మొదలుపెడితే కాఫీ చల్లారేదాకా ఆగేవాడు కాదు. ఒకనాడు గ్లాసులో వంటసోడా వేసి, నిమ్మకాయ పిండి, బుసబుసా నురగ పొంగాక ఆ గ్లాసుని మెల్లగా అత్తయ్య పెట్టిన దీపం మీదికి వంచాడు. చుక్క పడలేదు, కంటికేమీ కనపడలేదు, దీపం మాత్రం టక్కున పోయింది. గాలి కంటే బరువైన వాయువు పోశాననీ, అది మంట చుట్టూ చేరి ఊపిరాడకుండా చేసిందనీ ఆయన మురిసిపోతుంటే, అత్తయ్య శివాలెత్తిపోయింది. "సందెవేళ దీపం ఆర్పుతారటండీ ఎవరైనా! మీ సైన్సు మండిపోనూ!" మా వైపు దీపం ఆరిందని నోటితో కూడా అనరు, కొండెక్కింది అంటారు. "ఆర్పలేదే, కొండెక్కించాను" అని గొణుక్కుంటూ ఆయన వరండాలోకి తప్పుకున్నాడు.

అత్తయ్యకి పెరట్లో రేకుల షెడ్డు ఉండేది. అందులో ఇద్దరు ఆడవాళ్ళని పెట్టుకుని పిండివంటలు చేయించేది. ఆవిడ సున్నుండలకీ కారప్పూసకీ భట్టిప్రోలు నుంచీ రేపల్లె నుంచీ పెళ్ళిసారె ఆర్డర్లు వచ్చేవి. అంత నూనె కాగే చోట ఏమీ లేకపోతే ఎలా అని మామయ్య పట్టుబట్టి ఒక ఎర్ర సిలిండరు తెచ్చి షెడ్డు గుమ్మం పక్కన తగిలించాడు. లోపల మెత్తటి పొడి, దాంతోపాటు ఒత్తిడితో కూరిన వాయువు. పిన్ను లాగి పిడి నొక్కితే ఆ వాయువు పొడిని గొట్టంలోంచి బయటికి తంతుంది. పైన చిన్న గడియారం లాంటిదాంట్లో ముల్లు పచ్చరంగు మీద ఉన్నంతకాలం మనం ధీమాగా ఉండచ్చు. ఇదంతా ఆయన చెబితే అత్తయ్యకి అర్థమైంది ఒక్కటే, ఇది ఇంటిని కాపాడేదీ అని. ఇంకేం, దసరాకి గ్రైండరుకీ జంతికల గొట్టాలకీ పూజ చేస్తూ దీనికీ పసుపు రాసి, బొట్టు పెట్టి, పిడి చుట్టూ పసుపు తోరం కట్టింది. పూజలో కట్టిన తోరం చేత్తో విప్పకూడదట, దానంతటదే ఊడాలట. అందుకని మరుసటేడు దాని మీదే ఇంకోటి పడింది. మూడో దసరాకి పిన్ను కనపడ్డం మానేసింది.

"ఆపదొస్తే ఈ ముళ్ళు విప్పుకుంటూ కూర్చుంటావా?" అని మామయ్య నెత్తి కొట్టుకున్నాడు.

"ఆపద రాకుండానే కదండీ కట్టింది!" అంది అత్తయ్య. మామయ్య ముల్లు పచ్చరంగు మీదే ఉందో లేదో చూసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ మాఘమాసంలో రేపల్లె వాళ్ళ సారె ఆర్డరు మీదుండగా పనివాళ్ళిద్దరికీ ఒకేసారి జ్వరాలొచ్చాయి. అత్తయ్య ఫోను చేస్తే నేను తెనాలిలో పొద్దున్నే రైలెక్కి సాయానికి వెళ్ళాను. పదిన్నర అయ్యుంటుంది. గ్యాసు పొయ్యి మీద పెద్ద మూకుడు, నిండా నూనె. అత్తయ్య పొయ్యి అవతల, మూలనున్న డబ్బాల్లోంచి పిండి తీస్తోంది. ఇద్దరం ఏదో పెళ్ళి కబుర్లలో పడి మంట తగ్గించడం మరిచాం. నూనె పొగలు కక్కింది, చూస్తుండగానే భగ్గుమంది. మంట మనిషెత్తున లేచింది. అత్తయ్య వెనక గోడ, ముందు మంట. బయటికి దారి పొయ్యి పక్కనుంచే.

మండే నూనెలో నీళ్ళు పోస్తే అవి అడుక్కి దిగి, ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరై, నూనెని నాలుగువైపులా నిప్పుగా చిమ్ముతాయని మామయ్య నాకు వందసార్లు చెప్పాడు. చెవులు విన్నాయి, చేతులు వినలేదు. గుమ్మం దగ్గరున్న నీళ్ళ బకెట్టు ఎత్తేశాను. వెనక్కి ఊపాను కూడా.

"పొయ్యకే!"

నన్ను ఏనాడూ "అమ్మాయ్" తప్ప వేరే మాట అనని మనిషి. వరండాలోంచి పరిగెత్తుకొచ్చిన ఆయన కేకకి చేతులు కొయ్యబారాయి. మామయ్య షెడ్డు బయటున్న గ్యాసు బండ కట్టేసి, గోడకి ఆనించిన పెద్ద గుండిగ మూతని డాలులా మొహానికి అడ్డం పెట్టుకుని, ఇటువైపు నుంచి మూకుడు మీదికి మెల్లగా జరిపాడు. అంచుల్లోంచి రెండు నాలుకలు బయటికొచ్చి, గాలి దొరక్క, వెనక్కి పోయాయి. అత్తయ్య గోడ వారగా బయటపడింది. అయితే ఈలోగా నిప్పురవ్వలు పడి గుమ్మం పక్కనున్న అట్టపెట్టెలు అంటుకున్నాయి. మామయ్య సిలిండరు దించాడు. మూడు దసరాల తోరాలు, పసుపు పట్టి రాయిలా బిగుసుకున్నాయి. గోళ్ళతో పీకాడు, పళ్ళతో కొరికాడు, ఊహూఁ. అత్తయ్య వంగి, గుమ్మం దగ్గరి బుట్టలోంచి ప్యాకెట్లు కత్తిరించే కత్తెర తీసింది.

"ఇటివ్వండి. కట్టింది నేనే, కోసేదీ నేనే!"

టకటకా కోసేసింది. ఆయన పిన్ను లాగి, మంట మొదలుకి గురిపెట్టి, అటూ ఇటూ ఊపుతూ కొట్టాడు. షెడ్డంతా తెల్లటి పొగ. అది కాస్త అణిగాక చూస్తే మంట లేదు, మేం ముగ్గురం మైదాపిండిలో పొర్లిన కజ్జికాయల్లా ఉన్నాం. అమ్మయ్య! అంతటి సుఖమైన గాలి ఆ తర్వాత నేనెప్పుడూ పీల్చలేదు. అత్తయ్యకి కనుబొమలు కమిలాయి, అంతే. మెట్టు మీద కూలబడి ముందు నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. కాసేపటికి తేరుకుని, "నూనె ఏమన్నా పనికొస్తుందేమో చూస్తాను" అని మూత మీద చెయ్యి వెయ్యబోతే మామయ్య గయ్యిమన్నాడు. లోపల వేడి తగ్గలేదు, మూత తీస్తే గాలి దూరి మళ్ళీ అంటుకుంటుందట. ముక్కాలిపీట వేసుకుని మధ్యాహ్నందాకా ఆ మూకుడికి కాపలా కూర్చున్నాడు. రేపల్లె వాళ్ళకి సంగతి చెబితే, "మనుషులు బావున్నారు గదండీ, అదే చాలు" అన్నారు, మహానుభావులు.

సాయంత్రం స్టేషనుకి నాతో పాటు మామయ్య వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద ఇద్దరికీ టీ తెచ్చాను. ఉండబట్టలేక అడిగేశాను. "నేను పోసుంటే ఏమయ్యేది మామయ్యా?"

అగ్గిపుల్ల గీస్తే గంటసేపు వివరించే మనిషి నాకేసి చూసి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "పొయ్యలేదుగా" అన్నాడు. నా ఖాళీ గ్లాసు కూడా తీసుకుని టీకొట్టు వైపు నడిచాడు.

మామయ్య పోయి ఆరేళ్ళయింది. అత్తయ్యకి ఎనభై రెండు. నిన్న కూడా ఫోనులో నా మతిమరుపు మీద అరగంట తిట్టింది. నేను హాయిగా విన్నాను. ఆ బకెట్టు నా చేతుల్లో ఊగి ఆగింది రెండు క్షణాలే. అత్తయ్య ఆ తర్వాత బతికిన పదిహేనేళ్ళూ ఆ రెండు క్షణాల్లోనే ఇమిడి ఉన్నాయి.