చెల్లెలి ఇంటి కాగితాలు

లాయరమ్మ ఆఫీసులో ఆ గుమాస్తాను అందరూ భూతద్దం అనేవాళ్ళు. చూపు మందగించి కాదు, ముప్ఫై ఏళ్ళుగా ఏ ఇంటి కాగితాన్నీ ఆయన భూతద్దం పెట్టకుండా చదివి ఎరగడు. ఇల్లు కొనేవాళ్ళు ముందు ఆయన బల్ల దగ్గరే కూర్చునేవాళ్ళు. వాళ్ళు అడిగేవి ఆయనకు కంఠతా వచ్చు. ఎన్నాళ్ళు పడుతుంది? అడ్వాన్సు ఇచ్చాక వెనక్కి తగ్గొచ్చా? అమ్మేవాళ్ళ లాయరునే మనమూ పెట్టుకుంటే తిరుగుడు తప్పుతుంది కదా?

"పరీక్ష రాసినవాడికే పేపరు దిద్దమని ఇస్తారా?" అనేవాడు. నవ్వేవాళ్ళు.

"పోనీ, మా బావమరిది లాయరేనండీ, ఆయనకు చూపిస్తాం" అంటే మాత్రం ఆయన మొహంలో నవ్వు పోయేది. "వద్దు బాబూ. ముక్కూ మొహం తెలియనివాడి దగ్గరికి వెళ్ళండి. మీ బావమరిది మీకు కాదని చెప్పలేడు, మీరు ఆయన్ని నిలదీయలేరు. ఈ పనికి రెండూ కావాలి."

ఆయనకు ఒక్కతే చెల్లెలు. ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. పాతికేళ్ళలో పదకొండు అద్దె ఇళ్ళు మారింది. "ఊళ్ళో సగంమంది ఈ లోకంలోకి నా చేతుల మీదుగానే వచ్చారు, నాకే ఎక్కడా చోటు కుదరలేదు" అని తనమీద తనే జోకులు వేసుకునేది. యాభై రెండో ఏట ఒక ఇల్లు ఆమె కంటబడింది. రెండు గదులు, వెనక చిన్న పెరడు, తూర్పున పెద్ద కిటికీ.

అప్పుడు లాయరమ్మ మోకాలి ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉంది. "నెల ఆగు, లేదంటే ఇంకో లాయరును చూద్దాం" అన్నాడు ఆయన.

"ఈలోగా ఎవరో తన్నుకుపోతారన్నయ్యా. అయినా ఇంట్లో నువ్వుండగా నాకింకో లాయరెందుకు?"

ఆ మాటకు ఆయన కరిగిపోయాడు.

శనివారం మధ్యాహ్నం ఆ ఖాళీ ఇంట్లో బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని కాగితాలు చదివాడు. అమ్ముతున్నది ఒక కాంట్రాక్టరు. పదేళ్ళ కిందట అతను ఆ ఇల్లు ఒక పెద్దమనిషి దగ్గర కొన్నాడు. అందులో సగమే ఆ పెద్దమనిషిది. మిగతా సగం చనిపోయిన తమ్ముడి కూతురిది. అప్పటికి ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. ఆమె తరఫున పెదనాన్నే సంతకం పెట్టేశాడు. మైనరు వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి ఉండాలి. ఆ కాగితం కట్టలో లేదు.

"ఉందండీ, పాత ఫైల్లో ఎక్కడో ఉంటుంది, వెతికి పంపిస్తాను" అన్నాడు కాంట్రాక్టరు.

ఇలాంటి మాటలు ఆయన ఎన్ని వినలేదు! వేరొకరి పనైతే, చేతికి వచ్చాకే మాట్లాడదామని కట్ట మడిచి లేచేవాడు. కానీ పక్కగదిలో చెల్లెలు టేపు పట్టుకుని కిటికీ కొలుస్తోంది. "అన్నయ్యా, పరదాలు ఆకుపచ్చవి బావుంటాయా, తెల్లవా?" అని అరిచింది. ఆమె గొంతులో అంత సంబరం ఆయన చిన్నప్పుడెప్పుడో విన్నాడు.

"తెల్లవి" అన్నాడు.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆ కాగితం రాలేదు. నాలుగుసార్లు ఫోను చేశాడు. అయిదోసారి ఆ నంబరే లేదన్నారు. చెల్లెలికి ఆ సంగతి చెప్పలేదు. ఆమె పెరట్లో టమాటాలు పండించి సంచీ నిండా తెచ్చి ఇచ్చేది. ఆయన వాటిని పక్కింటివాళ్ళకు పంచేసేవాడు.

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు ఇరవయ్యొక్కేళ్ళ అమ్మాయి గేటు దగ్గర నిలబడి, ఒక్కసారి ఇల్లు చూసుకోవచ్చా అని అడిగింది. చెల్లెలు లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చింది. "ఇక్కడో మెట్టు ఉండేదండీ" అంది ఆ పిల్ల గడప చూపించి. "దాని మీద పడి నా పన్ను విరిగిందని మా నాన్న పగలగొట్టించేశారు." తండ్రి పోయాక హాస్టళ్ళలో పెరిగిందట. వెళ్ళేటప్పుడు చెల్లెలు ఆమెకు టమాటాలు కట్టి ఇచ్చింది. పది రోజులకు, ఇంట్లో తన సగం వాటా తనకు ఇవ్వాలని ఆ పిల్ల పంపిన లాయరు నోటీసు వచ్చింది.

చెల్లెలు దాన్ని ఆఫీసుకు పట్టుకొచ్చింది. "ఇదేంటో చూడన్నయ్యా, ఏదో పొరపాటు అయ్యుంటుంది."

ఆయన చదవలేదు. "పొరపాటు కాదమ్మా. నాకు ఆరోజే తెలుసు."

"తెలిసే చెప్పలేదా?"

"నువ్వు పరదాలకు కిటికీ కొలుచుకుంటున్నావు."

"కొలవడం ఆపేసేదాన్ని కదా అన్నయ్యా" అంది ఆమె. అరవలేదు, ఏడవలేదు. నోటీసు మడిచి సంచీలో పెట్టుకుని లేచింది.

లాయరమ్మను కేసు తీసుకోమని ఆయన బతిమాలాడు. "వీల్లేదు. రేపు బోనులో నిన్నే నిలబెట్టి ప్రశ్నలు వెయ్యాల్సి రావచ్చు. ఆమెకు మనతో సంబంధం లేనివాళ్ళు కావాలి" అందామె. చెల్లెలు తనే ముగ్గురు లాయర్ల దగ్గరికి తిరిగి, అడగవలసినవన్నీ అడిగి, ఒకరిని ఎంచుకుంది. ఆ లాయరు మొదటిరోజే చెప్పేశాడు, ఆ పిల్లది న్యాయమేనని. కోర్టులో గుమాస్తా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చెల్లెలు ఆయన వైపు చూడలేదు.

సగం ఇల్లు ఆ పిల్లకు వచ్చింది. రెండు గదుల ఇంటిని ఎలా పంచుతారు? అమ్మేశారు. చెల్లెలు మేడ మీద ఒక గదిలోకి అద్దెకు మారింది. అది పన్నెండోది.

ఆయన ఇంకో నాలుగేళ్ళు పనిచేశాడు గానీ, ఇళ్ళ కాగితాలు మళ్ళీ ముట్టుకోలేదు. ఉత్తరాలు రాయడం, వాయిదా తేదీలు చూడడం, అంతే. ప్రతి ఆదివారం చెల్లెలి దగ్గరికి వెళ్ళేవాడు. ఆమె టీ ఇచ్చేది, ఆసుపత్రి కబుర్లు చెప్పేది, ఆయన మోకాళ్ళ నొప్పి అడిగేది. ఒక ఆదివారం ఆయన వెళ్ళేసరికి బల్ల మీద ఆసుపత్రివాళ్ళ పింఛను ఫారం ఉంది. ఆయన చదవబోయేలోగా ఆమె దాన్ని తీసి బీరువాలో పెట్టి, "చక్కెర ఎంత వెయ్యను?" అంది.

"ఒక చెంచా" అన్నాడు ఆయన.