అత్తమ్మ రెండో ఓటు

నాచారంలో మా ఆయన పెట్టిన కంటిచుక్కల కంపెనీకి ఇద్దరే డైరెక్టర్లు. ఒకరు ఆయన, రెండోవారు మా అత్తమ్మ. నాది ప్రభుత్వోద్యోగం కాబట్టి నా పేరు పెట్టడానికి వీల్లేదు. చట్టప్రకారం ఇంకో మనిషి ఉండాలని వాళ్లమ్మను పట్టుకొచ్చాడు. అంతటితో ఊరుకున్నాడా? ఉప్పల్‌లో మా ఇంట్లోనే మొదటి మీటింగ్. అత్తమ్మ చేతుల కుర్చీలో కూర్చుంటే, "సూడు, అచ్చం చైర్మన్ లెక్కనే ఉన్నవ్!" అని మురిసిపోయి, చైర్‌పర్సన్‌గా ఆమె పేరే రాయించాడు. ఓట్లు సమానమైతే చైర్‌పర్సన్‌కు ఇంకో ఓటు ఉంటుందని చదివి వినిపించింది కూడా ఆయనే. "గట్లనా?" అని అత్తమ్మ బుద్ధిగా తలూపింది.

తర్వాత అత్తమ్మకు శుక్లం ఆపరేషన్ అయింది. ఆయన మా కంపెనీ చుక్కలే గర్వంగా తెచ్చిచ్చాడు. సీలు తీయకముందే ఆమె వేలికి మూత కింద తడి తగిలింది.

"ఏందిరా, ఇది కారుతున్నది?"

"ఒక్కోటి గట్ల అయితదమ్మా. వేరేది తెస్త."

"ఇదొక్కటేనా? సూసినవా?"

మర్నాడు ఫ్యాక్టరీలో అదే బ్యాచ్ నుంచి నమూనాకని దాచిన సీసాలు చూసి, మొహం వేలాడేసుకుని వచ్చాడు. మూతలు బిగించే మిషన్ సరిగా బిగించలేదట. ఇంకా కొన్ని కారుతున్నాయి. ఆ బ్యాచ్ అప్పటికే ఓ పెద్ద కంటి దవాఖానాకు వెళ్లిపోయింది. ఎన్నాళ్లో కాళ్లరిగేలా తిరిగితే దొరికిన ఆర్డరది.

"ఎవరన్న అడిగితే ఆ సీసా మారుద్దాం, అంతే," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మందు బయటికొచ్చే సందులోంచి క్రిములు లోపలికీ పోతాయి. ఆపరేషన్ అయిన కళ్లలో వేసే మందది! కడిగేద్దామని నోరు తెరిచాను.

"డైరెక్టర్లం మాట్లాడుతున్నం, నువ్వు జర ఆగు బిడ్డా," అంది అత్తమ్మ. "మీటింగ్ పెట్టు కొడుకా."

డైనింగ్ టేబుల్ దగ్గరే పెట్టాడు.

"మాలంత వాపస్ తెప్పియ్యాలె. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు మనమే చెప్పాలె. నా ఓటు గది."

"నాది వద్దనే అమ్మా. ఆ ఆర్డర్ పోతే కంపెనీ నిలవడది."

"చెరొకటి అయింది. ఇగ నా రెండో ఓటు ఏస్తున్న."

"అమ్మా! గది తమాషాకు రాయించిన!"

"నువ్వు తమాషాకే రాయించినవు. నేను తమాషాకు సంతకం పెట్టలే. నా కంటికైతే వేరే సీసా తెస్తనన్నవు. దవాఖానల పండుకున్నోళ్లకు ఎవరు తెస్తరురా?"

ఆయన సరుకంతా వెనక్కి తెప్పించాడు, ఇన్‌స్పెక్టర్‌కు తనే చెప్పాడు. ఆర్డర్ పోయింది. పక్క గల్లీలో ఇవే చుక్కలు తయారుచేసే అతను ఇక పండగ చేసుకుంటాడనుకున్నాను. అతనేమో మా మిషన్ బాగుచేయించడానికి తన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. "రేపు నా మిషన్ గిట్ల జేస్తే నువ్వు రావా బావా?" అన్నాడట. ఆ మాట చెబుతూ మా ఆయన చాలా రోజులకు నవ్వాడు. తల్లితో మాత్రం ముక్తసరిగానే మాట్లాడేవాడు.

ఓ రాత్రి అన్నం వడ్డిస్తూ అత్తమ్మే అంది: "నా పేరు తీసెయ్ కొడుకా. నా వల్ల నీకు నష్టమే అయింది."

ఆయన ముద్ద కంచంలో వదిలేశాడు. "మీటింగ్ పెడుతున్న. నువ్వు ఉండాలెనని నా ఓటు."

"పోతనని నాది."

రాజీనామాకు ఓట్లతో పనిలేదని నాకు తెలుసు. జన్మలో మొదటిసారి నోరు మూసుకుని కూర్చున్నాను.

"ఇంకో ఓటు కూడ నీదేనాయె," అన్నాడు.

అత్తమ్మ కొంగుతో కన్ను తుడుచుకోబోయింది. "కన్ను ముట్టొద్దన్నరు గదమ్మా," అని ఆయన ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నీ దిక్కే ఏసిన తియ్," అంది అత్తమ్మ. "అన్నం తిను."